పాపులర్ మ్యూజిక్ డిగ్రీ: పెర్ఫార్మెన్సా, ప్రొడక్షనా, రెండూ కలిపినదా?

పాడటం ఇష్టం, వాయించడం ఇష్టం, రాత్రిళ్లు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ట్రాక్‌లు చేయడమూ ఇష్టమే. అలాంటివాళ్లకి యూనివర్సిటీ అప్లికేషన్ నింపే రోజు రాగానే టెన్షన్ మొదలవుతుంది. పాపులర్ మ్యూజిక్ పెర్ఫార్మెన్స్ అని ఒక డిగ్రీ, మ్యూజిక్ ప్రొడక్షన్ అని ఇంకొకటి, రెండూ కలిపింది మరొకటి, వీటికి తోడు ఇంజినీరింగ్ వైపు మొగ్గే టోన్‌మైస్టర్ తరహా కోర్సు. బ్రోషర్లు చూస్తే అన్నిట్లోనూ గిటార్ పట్టుకున్న కుర్రాడు, మిక్సింగ్ కన్సోల్ ముందు కూర్చున్న అమ్మాయి కనిపిస్తారు. కానీ చేరాక ఒక్కో కోర్సులో వారం గడిచే తీరు ఒక్కోలా ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్తాను. తేల్చుకోలేని చాలామంది "రెండూ ఉన్నదే తీసుకుంటే పోలా, తర్వాత చూసుకోవచ్చు" అనుకుంటారు. నా దృష్టిలో అది అనుకున్నంత సేఫ్ కాదు. పాడే సగం, రికార్డ్ చేసే సగం ఒకదానికొకటి పని కల్పించుకునేలా కోర్సును కడితే, కలిపిన డిగ్రీని మించింది లేదు. రెండూ దేని దారిన అవి నడిస్తే ఏ ఒక్కటీ పూర్తిగా చేతికి రాదు. అందుకే కోర్సు పేరు పక్కన పెట్టి లోపలి సంగతులు చూడాలి.

## ముందు ఏం చూడాలి

ఇంట్లో దొరకనిది ఏం ఇస్తున్నారు? అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. సాఫ్ట్‌వేర్ ఇంట్లోనే ఉంది, పాఠాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. మరి యూనివర్సిటీకి ఎందుకు? మూడు కారణాలున్నాయి: గదులు, మనుషులు, మొహమాటం లేకుండా తప్పు చెప్పే చెవులు.

గది సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. శబ్దం గాలిలో సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. 40 హెర్ట్జ్ దగ్గర ఉండే బేస్ (మంద్ర) స్వరం తరంగం పొడవు లెక్కిస్తే ఎనిమిదిన్నర మీటర్లు దాటుతుంది. మామూలు పడకగది దానిలో సగం కూడా ఉండదు. తరంగాలు గోడలకి తగిలి తిరిగొచ్చి ఒకదానితో ఒకటి కలుస్తాయి. దాంతో ఒక బేస్ స్వరం గది దద్దరిల్లేలా వినిపిస్తుంది, దాని పక్క స్వరం ఎక్కడికి పోయిందో తెలియదు. మీరు సరిచేస్తున్నది పాటనా, గదినా అన్నది మీకే అర్థం కాదు. గోడకి సన్నటి ఫోమ్ అంటిస్తే పై స్వరాల ప్రతిధ్వని తగ్గుతుంది గానీ ఇంత పొడవైన తరంగాలని అది ఆపలేదు. కొలతలు లెక్కగట్టి కట్టిన స్టూడియో కంట్రోల్ రూమ్‌లో కొన్ని నెలలు వింటే, ఏది నిజమైన బేసో చెవికి అలవాటవుతుంది. ఆ అలవాటు తర్వాత ఏ గదిలో పనిచేసినా పనికొస్తుంది.

వారానికి ఎన్ని గంటలు, ఎవరితో? మీ వాద్యానికి లేదా గొంతుకి గురువు దగ్గర విడిగా పాఠం ఉందా? ఉంటే వారానికి ఎంతసేపు, చివరి ఏడాది దాకా ఉంటుందా, మొదటి ఏడాదితోనే ఆగిపోతుందా? స్టూడియో ఒక్కో విద్యార్థికి వారానికి ఎన్ని గంటలు దొరుకుతుంది? రాత్రిపూట, సెలవుల్లో తెరిచి ఉంటుందా? ఎంత గొప్ప స్టూడియో అయినా బుకింగ్ దొరక్కపోతే మీకు ఉన్నా లేనట్టే.

పక్కన ఎవరుంటారు? బ్యాచ్ నిండా గిటారిస్టులు, గాయకులే ఉండి డ్రమ్మర్లు ఒకరిద్దరే ఉంటే బ్యాండ్లు ఎలా ఏర్పడతాయి? ఆ ఒకరిద్దరు అందరి ప్రాజెక్టుల్లోనూ నలిగిపోతారు. తర్వాతి ఏళ్లలో మీకు పనులిచ్చేది, మీతో కలిసి పనిచేసేది చాలావరకు ఈ క్లాస్‌మేట్లే. ఈ రంగంలో పని పరిచయాల మీదే వస్తుంది.

మార్కులు దేనికి? లైవ్ ప్రదర్శనకా, రికార్డింగ్‌కా, వ్యాసాలకా? సిలబస్ కన్నా మార్కుల పట్టికే కోర్సు అసలు మనసు చెప్తుంది.

## పెర్ఫార్మెన్స్ డిగ్రీ

ఇక్కడ మీ ప్రధాన వాద్యమే కేంద్రం. విడి పాఠాలు, బ్యాండ్ రిహార్సల్స్, హార్మనీ, చెవి తర్ఫీదు, కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) చార్ట్ చూసి అప్పటికప్పుడు వాయించడం, టిక్ టిక్‌మంటూ వేగం చూపే క్లిక్ ట్రాక్‌తో లయ తప్పకుండా నిలబడటం, స్టేజ్ మీద మానిటర్‌లో తనని తాను విని సర్దుకోవడం. ప్రవేశం ఆడిషన్ ద్వారా. మీరు ఎంచుకున్న పాటలు వాయించాలి, సాధారణంగా నోటేషన్ చూసి వాయించే పరీక్షో చెవి పరీక్షో కూడా ఉంటుంది, చాలాచోట్ల ఇంప్రొవైజ్ చేయమంటారు, అంటే అప్పటికప్పుడు అల్లి వాయించమంటారు.

ఈ దారి పాతదేమీ కాదు. చాలాకాలం సంగీత విద్యాలయాలంటే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానివే. లారెన్స్ బెర్క్ 1945లో బోస్టన్‌లో షిల్లింగర్ హౌస్ పేరుతో మొదలుపెట్టిన బడి తర్వాత బర్క్‌లీగా పెరిగి, జాజ్‌నీ పాపులర్ సంగీతాన్నీ చదువుగా నిలబెట్టింది. కోపెన్‌హాగెన్‌లో 1986లో ఇలాంటి సంగీతం కోసమే ప్రత్యేకంగా ఒక కన్సర్వేటరీ (సంగీత కళాశాల) పెట్టారు.

దీని బలం ఒంటరిగా నేర్చుకోలేనిది నేర్పడం. గిటార్ పట్టుకునే తీరులో దోషం, గొంతు బిగించి పాడే అలవాటు వీడియోలు చూస్తే పోవు. ఎదురుగా కూర్చున్న గురువు చూసి, విని, ఆపి సరిచేయాలి. గొంతు మీద ఏళ్ల తరబడి ఒత్తిడి పెడితే స్వరతంతువుల మీద కాయలు కట్టే ప్రమాదం ఉంది. అలాంటి అలవాట్లు ఎంత ముందు పోతే అంత మంచిది.

బలహీనత కూడా ఉంది. బాగా వాయిస్తారు గానీ సొంతంగా రికార్డ్ చేసిన పాట ఒక్కటీ లేకుండా బయటకొచ్చేవాళ్లున్నారు. ఇప్పుడు సెషన్ పనుల్లో, అంటే ఇతరుల పాటలకి వాయించే పనుల్లో, చాలా భాగం ఇంటి నుంచే నడుస్తోంది. ఎక్కడో ఉన్న ప్రొడ్యూసర్ డెమో పంపిస్తాడు, మీరు ఇంట్లో వాయించి, నాయిస్ లేని 24 బిట్ ఫైళ్లు టెంపోకి సరిగ్గా తిరిగి పంపాలి. మైక్ ఎక్కడ పెట్టాలో తెలియని గిటారిస్ట్‌కి ఆ పని దక్కదు. కాబట్టి పెర్ఫార్మెన్స్ తీసుకున్నా రికార్డింగ్ పేపర్ ఒకటైనా ఉన్న కోర్సే చూడండి.

## ప్రొడక్షన్ డిగ్రీ

ఇక్కడ వాద్యం బదులు స్టూడియో. మైకులు, రికార్డింగ్, ఎడిటింగ్, మిక్సింగ్, మాస్టరింగ్, సింథసిస్, బీట్స్, కొన్నిచోట్ల గేములకీ సినిమాలకీ సౌండ్. ఆడిషన్ బదులు సాధారణంగా పోర్ట్‌ఫోలియో అడుగుతారు.

క్లాసులు ప్రధానంగా సాఫ్ట్‌వేర్ బటన్ల చుట్టూ తిరిగితే ఆ కోర్సు వద్దు అని గట్టిగా చెప్తాను. ప్రో టూల్స్, లాజిక్ ప్రో, ఏబుల్టన్ లైవ్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు, పైగా అవి మారుతూనే ఉంటాయి. యూనివర్సిటీ నేర్పాల్సింది మారనిది. డ్రమ్ సెట్‌కి ఎనిమిదో పదో మైకులు పెట్టినప్పుడు అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుని కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) పలచబడకుండా చూడటం. సిగ్నల్ మైక్ నుంచి స్పీకర్ దాకా ఏ దారిన వెళ్తోందో, మధ్యలో ఎక్కడ తెగిందో రెండు నిమిషాల్లో పట్టుకోవడం. భయంతో గొంతు వణుకుతున్న గాయనికి హెడ్‌ఫోన్స్‌లో ఏ వాద్యం ఎంత వినిపిస్తే ధైర్యం వస్తుందో గ్రహించడం. చివరిది ఏ వీడియోలోనూ దొరకదు. నిజమైన మనిషి ఎదురుగా ఉండాలి.

అందరూ కూర్చుని ఒకరి పని ఒకరు వినే సెషన్లు ఎన్ని ఉన్నాయో కూడా అడగండి. న్యూయార్క్ యూనివర్సిటీలోని క్లైవ్ డేవిస్ ఇన్‌స్టిట్యూట్‌లో 2016లో గాయకుడు, ప్రొడ్యూసర్ ఫారెల్ విలియమ్స్ విద్యార్థుల పాటలు విని అభిప్రాయం చెప్పిన వీడియో లోకమంతా తిరిగింది. ఆ వీడియోలో వినిపించిన పాటతో పేరొచ్చిన గాయని మ్యాగీ రోజర్స్ అప్పుడు అక్కడ విద్యార్థిని. ఆ వీడియో చూసి అలాంటి అదృష్టం కోసం కోర్సు ఎంచుకోకండి. పెద్ద అతిథి ఏడాదికోసారి వస్తాడు. మామూలు టీచర్ ప్రతి వారం మీ అసంపూర్ణ పాట విని "రెండో చరణంలో బేస్, కిక్ కొట్టుకుంటున్నాయి" అని చెప్పడమే మిమ్మల్ని పెంచుతుంది.

ఇంకో లోటు: కొన్ని ప్రొడక్షన్ కోర్సుల్లో సంగీత జ్ఞానం నామమాత్రం. కీబోర్డ్, హార్మనీ కాస్తయినా రాకపోతే ఆర్టిస్ట్‌తో మాట్లాడే భాషే ఉండదు. బీటిల్స్ ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ రికార్డ్ కంపెనీ ఇఎమ్‌ఐలో చేరే ముందు లండన్ గిల్డ్‌హాల్ స్కూల్‌లో పియానో, ఓబో చదివాడు. బీటిల్స్ పాటలకి ఆయన తీగవాద్యాల అమరిక రాయగలిగాడంటే వెనక ఆ చదువుంది. నోటేషన్ రాని గొప్ప ప్రొడ్యూసర్లూ ఉన్నారు, నిజమే. వాళ్లకి చెవి ఆ లోటు తీర్చింది. చెవిని పెంచుకోవడానికే కదా డిగ్రీకి వెళ్లేది.

## రెండూ కలిపిన డిగ్రీ

బాగా కట్టిన చోట ఇది ఇలా నడుస్తుంది: ఒకే పాట రచన క్లాసులో పుడుతుంది, రిహార్సల్‌లో బ్యాండ్ చేతుల్లో మారుతుంది, స్టూడియోలో రికార్డ్ అవుతుంది, టర్మ్ చివర స్టేజ్ ఎక్కుతుంది. స్టేజ్ మీద పని చేయని భాగాన్ని రికార్డింగ్‌లో మళ్లీ మారుస్తారు. క్లైవ్ డేవిస్ ఇన్‌స్టిట్యూట్ 2003లో మొదలైంది ఇలాంటి ఆలోచనతోనే. పాటల తయారీ, వ్యాపారం, ప్రదర్శన, సంగీత చరిత్ర అన్నీ అక్కడ ఒకే డిగ్రీలో ఉంటాయి. పాల్ మెకార్ట్నీ, మార్క్ ఫెదర్‌స్టోన్-విట్టీ కలిసి లివర్‌పూల్‌లో పెట్టిన లైపా అనే కళల విద్యాసంస్థ 1996లో తలుపులు తెరిచింది. అక్కడి దారి ఇంకొకటి: డిగ్రీలు విడివిడిగా ఉంటాయి గానీ సంగీతం, సౌండ్, నటన, నృత్యం ఒకే సంస్థలో ఉండటంతో పాడేవాళ్లకి రికార్డ్ చేసేవాళ్లు పక్కనే దొరుకుతారు. ఈ రెండో పద్ధతిని తక్కువ చేయకండి. చాలామందికి కలిపిన డిగ్రీ కన్నా మంచి పొరుగు ఉన్న విడి డిగ్రీయే మేలు.

సరిగా కట్టని చోట ఏమవుతుందంటే, రెండు డిపార్ట్‌మెంట్లు చెరో సగం టైమ్‌టేబుల్ పంచుకుంటాయి. విడి పాఠం సగానికి తగ్గుతుంది. స్టూడియో బుకింగ్‌లో పూర్తి ప్రొడక్షన్ విద్యార్థులకే ముందు అవకాశం. దీన్ని పట్టుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: "చివరి ఏడాది ప్రాజెక్టులో నేను రాసి, పాడి, మిక్స్ చేసిన పని మొత్తాన్ని ఒకటిగా చూసి మార్కులేస్తారా?" అవునంటే అది నిజంగా కలిపిన కోర్సు. రెండు వేర్వేరు పేపర్లకి రెండు వేర్వేరు పనులు ఇవ్వాలంటే, రెండు చిన్న కోర్సుల్ని ఒక పేరు కింద పెట్టారన్నమాట.

## టోన్‌మైస్టర్ తరహా కోర్సు

దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. సంగీతమూ తెలిసి, శబ్దశాస్త్రమూ తెలిసిన మనిషి కావాలన్నది దీని మూలం. జర్మనీలోని డెట్‌మోల్డ్‌లో ఎరిక్ తీన్‌హౌస్ 1949లో మొదలుపెట్టారు, ఇంగ్లండ్‌లో సర్రే యూనివర్సిటీ 1970లో అందుకుంది. స్కోరు (స్వరలిపి) చదవడం, వాయించడంతో పాటు గణితం, ఎలక్ట్రానిక్స్, అకూస్టిక్స్, సిగ్నల్ ప్రాసెసింగ్ ఉంటాయి. ఎంట్రీకి లెక్కల్లో మంచి పునాది కావాలి. పాపులర్ పాటలు చేసే సమయం మిగతా వాటికన్నా తక్కువ. బదులుగా బ్రాడ్‌కాస్టింగ్, ఆడియో సాఫ్ట్‌వేర్, గేమ్ ఆడియో, స్పీకర్ల తయారీ, భవనాల అకూస్టిక్స్ లాంటి జీతం ఉన్న ఉద్యోగాలకి దారి తిన్నగా ఉంటుంది. కంప్రెసర్ (శబ్దం హెచ్చుతగ్గుల్ని అదుపు చేసే పరికరం) వాడటం కన్నా దాని లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడం మీకు ఎక్కువ ఆనందమైతే, ఇంకేం చూడక్కర్లేదు.

## ఒక చూపులో

| | పెర్ఫార్మెన్స్ | ప్రొడక్షన్ | కలిపినది | టోన్‌మైస్టర్ |
|---|---|---|---|---|
| ప్రవేశం | ఆడిషన్ | పోర్ట్‌ఫోలియో | తరచుగా రెండూ | లెక్కలు, సంగీతం |
| ఒంటరిగా నేర్చుకోలేనిది | గురువు ఎదుట సాధన, బ్యాండ్ | మంచి గది, మనుషుల్ని రికార్డ్ చేయడం | పాట పుట్టుక నుంచి విడుదల దాకా | సిద్ధాంతం, కొలతలు |
| ప్రధాన లోటు | రికార్డింగ్ బలహీనం | సంగీత జ్ఞానం తగ్గొచ్చు | లోతు తగ్గొచ్చు | సొంత పాటలకి సమయం తక్కువ |
| ఎక్కువగా దారితీసేది | సెషన్లు, టూర్లు, బోధన | స్టూడియో, మీడియా సౌండ్ | సొంత ఆర్టిస్ట్ జీవితం | సాంకేతిక ఉద్యోగాలు |

## మీరు ఏ రకం?

సొంత పాటలు రాసి పాడుకునేవాళ్లకి కలిపిన డిగ్రీయే నా మొదటి సలహా, పైన చెప్పిన ప్రశ్నకి అవునన్న జవాబొస్తేనే. మీ గొంతుకి ఏ సౌండ్ నప్పుతుందో మీకే తెలిస్తే ప్రతి డెమోకీ ఇంకొకరి మీద ఆధారపడక్కర్లేదు.

వాద్యం మీద చేయి బాగా తిరిగి, సెషన్లు, టూర్లు కలగనేవాళ్లు పెర్ఫార్మెన్స్ తీసుకోవాలి. ఆదాయం ఒకచోట నుంచి రాదని ముందే తెలుసుకోండి. కొంత వాయించడం, కొంత నేర్పడం, కొంత రికార్డింగ్. స్కూల్లో టీచర్‌గా చేరాలంటే చాలా దేశాల్లో విడిగా బోధన అర్హత కావాలి, ఈ డిగ్రీ ఒక్కటే సరిపోదు.

బీట్స్ చేస్తారు గానీ ఏ వాద్యమూ రాదా? ప్రొడక్షన్ వైపే వెళ్లండి, కానీ అప్లై చేసే ఏడాదిలోనే కీబోర్డ్ మొదలుపెట్టండి. నిష్ణాతులు కానక్కర్లేదు, నాలుగు కార్డుల వరస వినగానే వాయించగలిగితే చాలు.

సంగీతమే జీవితం చేసుకోవాలా అన్నదే తేలని వాళ్లు కూడా ఉంటారు. వాళ్లకి మూడు నాలుగేళ్ల డిగ్రీ కన్నా వేరే సబ్జెక్టు చదువుతూ అదే యూనివర్సిటీలో బ్యాండ్లు, రేడియో, స్టూడియో క్లబ్బులు ఉన్నచోట చేరడం మంచిదని నా నమ్మకం. మీరు పేరున్న ప్రొడ్యూసరై హిట్ కొడితే తప్ప తీరని అప్పు చేసి ఏ సంగీత డిగ్రీలోనూ చేరకండి. పేరున్న ప్రొడ్యూసర్ క్విన్సీ జోన్స్ చదువు మధ్యలో వదిలేశాడు కదా అని కొందరంటారు. ఆయన 1951లో షిల్లింగర్ హౌస్‌లో (తర్వాతి బర్క్‌లీ) స్కాలర్‌షిప్ మీద చదువుతూ వదిలింది జాజ్ కళాకారుడు లయనెల్ హాంప్టన్ బ్యాండ్‌తో టూర్‌కి పిలుపొచ్చి. చేతిలో పని ఉండి వదలడం వేరు, విసుగొచ్చి వదలడం వేరు.

## వెళ్లి చూసినప్పుడు

ఓపెన్ డే రోజు మెరిసే కన్సోల్ చూపిస్తారు. దాని పక్క గోడ మీద బుకింగ్ షీట్ ఉంటే అది చదవండి. టీచర్లతో కన్నా రెండో ఏడాది విద్యార్థులతో ఎక్కువ మాట్లాడండి. గతేడాది చివరి ప్రాజెక్టులు వినిపించమని అడగండి, వాళ్లు ఏరి చూపించే మూడు కాకుండా నలుగురైదుగురివి. మధ్యరకం విద్యార్థి పని ఎలా ఉందో వింటే కోర్సు మనిషిని ఎంత ఎత్తుకు తీసుకెళ్తుందో తెలుస్తుంది.

హక్కుల కాగితం తప్పకుండా చదవండి. ఒక రికార్డింగ్‌లో రెండు వేర్వేరు హక్కులుంటాయి: పాట రచన, బాణీ మీద ఒకటి, ఆ రికార్డింగ్ మీద ఇంకొకటి. యూనివర్సిటీ స్టూడియోలో చేసిన రికార్డింగ్ ఎవరిది, డిగ్రీ పూర్తవకముందే విడుదల చేయొచ్చా, సంస్థ తన ప్రచారానికి వాడుకుంటుందా అన్నవి రాతలో ఉండాలి. క్లాస్‌మేట్లతో కలిసి రాసిన పాటకి వాటాలు ఆ రోజే రాసుకోవడం నేర్పే కోర్సయితే ఇంకా మంచిది. పాట హిట్టయ్యాక ఆ మాట తెస్తే స్నేహాలు పోతాయి.

చెవుల రక్షణ గురించి వాళ్లేం చేస్తున్నారో అడగండి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకీ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర 15 నిమిషాలే. చిన్న రిహార్సల్ గదిలో డ్రమ్స్, యాంప్లిఫయర్లు కలిస్తే అంత స్థాయి సులువుగా దాటుతుంది. మొదటి వారంలోనే ఇయర్‌ప్లగ్స్ ఇచ్చి వాడకం నేర్పే చోట విద్యార్థి మీద శ్రద్ధ ఉన్నట్టు.

అప్లికేషన్ కోసం పోర్ట్‌ఫోలియో చేస్తుంటే పదిహేను ట్రాక్‌లు వద్దు, మూడు చాలు. ప్రతిదానికీ మీరు చేసిందేమిటో ఒక వాక్యంలో రాయండి: బాణీ నాది, డ్రమ్స్ స్నేహితుడివి, మిక్స్ నాది అని. ఆడిషన్ అయితే కష్టమైన సోలో కన్నా, మీకు బాగా పట్టున్న మామూలు టెంపో పాటని క్లిక్‌తో తడబడకుండా వాయించి రికార్డ్ చేసి వినండి. ప్యానెల్ మొదట గమనించేది లయ. తప్పు దొర్లినా ఆగకుండా కొనసాగడం కూడా సాధన చేయండి, మధ్యలో ఆపి వేరే పాట అడిగితే కంగారుపడకుండా ఒకటి అదనంగా సిద్ధం చేసుకోండి.